క్రాన్‌లో పెడితే పక్క ఫోల్డర్ కనబడలేదు: నా అనుభవం

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లకు ఐసు, డీజిల్ అప్పు మీద ఇచ్చే ఒక వ్యాపారి దగ్గర లెక్కల ప్రోగ్రాములు నేను చూస్తుంటాను. ఏ బోటు మీద ఎంత బాకీ ఉందో తెలిపే షీటు తెల్లారేసరికి గుమస్తా గారి చేతిలో ఉండాలి. సరుకు దించి వేలం అయ్యాక వచ్చే డబ్బులోంచే బాకీ వసూలు చేసుకోవాలి. షీటు ఆలస్యమైతే బోటు వాళ్లు డబ్బు పంచుకుని వెళ్లిపోతారు.

ఆ షీటు తీసే పైథాన్ స్క్రిప్ట్ నాకు ముందు పనిచేసినాయన రాసింది. రోజూ ఎవరో ఒకరు కూర్చుని నడిపేవారు. లైనక్స్ మెషీన్‌లో, చెప్పిన వేళకు పనులు నడిపే క్రాన్‌కి అప్పగించి, 4 గంటలకు దానంతటదే నడిచేలా పెట్టాను. మర్నాడు పొద్దున్నే గుమస్తా గారి ఫోన్.

"ఏటి బాబూ, షీటు రాలేదేటి? బోట్లు జెట్టీకి వచ్చేసినాయి!"

"ఇప్పుడే పంపిస్తానండి" అని చేత్తో నడిపాను. ఏ గొడవా లేకుండా వచ్చేసింది. టెన్షన్ అక్కడే మొదలైంది. చేత్తో నడిస్తే వచ్చేది, క్రాన్‌లో ఎందుకు రాదు?

ఎర్రర్లు లాగ్ ఫైల్‌లో పడేలా క్రాన్ లైను మార్చి చూస్తే 'మాడ్యూల్ నాట్ ఫౌండ్' అని ఉంది. దొరకనిది రేట్ల మాడ్యూల్ (స్క్రిప్ట్ ఇంపోర్ట్ చేసుకుని వాడుకునే వేరే పైథాన్ ఫైల్). విచిత్రమేమిటంటే, స్క్రిప్ట్ ఉన్న జాబ్స్ ఫోల్డర్‌లోనే ఉన్న ప్రింటింగ్ మాడ్యూల్ మాత్రం హాయిగా ఇంపోర్ట్ అయింది. రేట్లది జాబ్స్ ఫోల్డర్ పక్కనే ఉన్న కామన్ ఫోల్డర్‌లో ఉంటుంది.

అసలు విషయం ఈ తేడాలోనే దొరికింది. స్క్రిప్ట్‌ను నేరుగా నడిపితే పైథాన్ ఆ స్క్రిప్ట్ ఉన్న ఫోల్డర్‌ను, మాడ్యూళ్ల కోసం వెతికే చోట్ల జాబితా అయిన సిస్ పాత్ (sys.path)లో మొట్టమొదట పెడుతుంది. మనం ఎక్కడ నిలబడి నడిపినా సరే. అందుకే అదే ఫోల్డర్‌లోని మాడ్యూల్ దొరికింది. కానీ పాతాయన కామన్ ఫోల్డర్ కోసం ఆ జాబితాకు 'చుక్క చుక్క స్లాష్ కామన్' (../common, అంటే ఒక ఫోల్డర్ పైకి వెళ్లి అక్కడి కామన్) అని కలిపారు. ఆ రెండు చుక్కలు స్క్రిప్ట్ ఉన్న చోటు నుంచి కాదు, నడిపేటప్పుడు మనం ఉన్న ఫోల్డర్ నుంచి లెక్క. ఎవరు నడిపినా జాబ్స్ ఫోల్డర్‌లోకి వెళ్లే నడిపేవారు కాబట్టి ఇన్నాళ్లూ కుదిరిపోయింది. క్రాన్ మాత్రం యూజర్ హోమ్ ఫోల్డర్‌లో నిలబడి నడుపుతుంది.

క్రాన్ లైనులోనే ముందు సీడీ (cd) కొట్టి జాబ్స్ ఫోల్డర్‌లోకి వెళ్తే పోతుంది కదా అని ఒక మిత్రుడు అన్నాడు. పోతుంది, కానీ రేపు ఇంకెవరో ఇంకో చోటి నుంచి నడిపితే మళ్లీ ఇదే గొడవ. తన చోటు స్క్రిప్టే కనుక్కోవాలని నా పట్టు.

దానికి డండర్ ఫైల్ (__file__) ఉంది, నడుస్తున్న ఫైల్ ఎక్కడుందో చెప్పే పేరు. పైథాన్ 3.9 నుంచి, నేరుగా నడిపిన స్క్రిప్ట్‌లో అది పూర్తి దారే ఇస్తుంది. దాన్ని ఫైల్ దారులతో పనిచేసే పాత్‌లిబ్‌లోని పాత్‌కు ఇచ్చి, రిజాల్వ్ చేసి (అంటే అసలు దారి తేల్చి), పేరెంట్ (పై ఫోల్డర్) అడిగితే స్క్రిప్ట్ ఫోల్డర్ వస్తుంది. ఇంకోసారి పేరెంట్ అడిగి కామన్ కలిపితే పని అయిపోయింది. రిజాల్వ్ మాత్రం వదలకూడదు. మా మెషీన్‌లో స్క్రిప్ట్‌కు వేరే చోట సిమ్‌లింక్ (అసలు ఫైల్‌ను చూపించే షార్ట్‌కట్ లాంటిది) ఉంది. రిజాల్వ్ లేకపోతే లింక్ ఉన్న ఫోల్డర్ చూపిస్తుంది, అక్కడ కామన్ ఎక్కడిది?

ఇంకొకటి, ఇది చాలామందిని తిప్పలు పెడుతుంది. సిస్ పాత్‌లో స్ట్రింగులే (మామూలు అక్షరాల వరుసలే) ఉండాలి. పాత్ ఆబ్జెక్ట్‌ను అలాగే పెడితే పైథాన్ ఎర్రర్ కూడా ఇవ్వదు, దాన్ని పట్టించుకోదంతే. ఎస్‌టీఆర్ (str)తో స్ట్రింగుగా మార్చే పెట్టాలి. ఈ లైన్లు రేట్ల ఇంపోర్ట్ కంటే పైనే రాయాలి.

మర్నాటి నుంచి షీటు వేళకు వస్తోంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, బోట్లన్నీ హార్బర్‌లోనే ఉంటాయి. ఆ తీరికలో పాత లెక్కలు, కోడ్‌ను ముక్కముక్కగా నడిపి చూసుకునే జూపిటర్ నోట్‌బుక్‌లో చూద్దామనుకుంటే, అక్కడ డండర్ ఫైల్ అనేదే లేదు, 'నేమ్ ఎర్రర్' వచ్చింది. దాంతో కామన్‌ను చిన్న ప్యాకేజీగా చేసి, ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే పిప్‌తో ఎడిటబుల్‌గా (కాపీ చేయకుండా అసలు ఫోల్డర్‌నే వాడేలా) ఇన్‌స్టాల్ చేశాను. ఇప్పుడు స్క్రిప్ట్, నోట్‌బుక్ రెండూ ఒకే పేరుతో దాన్ని ఇంపోర్ట్ చేసుకుంటున్నాయి. సిస్ పాత్ లైన్లు తీసేశాను. రేట్ల పట్టిక ఫైల్‌ను తెరిచే చోట మాత్రం డండర్ ఫైల్‌ను అలాగే ఉంచాను, ఆ కోడ్ ఉన్నది నోట్‌బుక్‌లో కాదు, మామూలు పైథాన్ ఫైల్‌లో.