మంచం పక్కన మానిటర్

గుండె పై గదుల నుంచి కింది గదులకు సంకేతం అందక, కళ్లు తిరిగి పడిపోతుంటే నాకు పేస్‌మేకర్ పెట్టారు. లీడ్లు, అంటే పేస్‌మేకర్ నుంచి గుండెకు వెళ్లే తీగలు, గుండె గోడకు పట్టుకునేదాకా, అంటే నాలుగు నుంచి ఆరు వారాలు, ఎడమ చెయ్యి భుజం కంటే పైకి ఎత్తకూడదు. అలాగని బొత్తిగా కదపకపోతే భుజం పట్టేస్తుంది. గాయం మానింది, తల తిరగడం పోయింది. ఇక రోజూ పట్టించుకోవలసింది, పేస్‌మేకర్ పంపే సమాచారాన్ని అందుకుని క్లినిక్‌కు చేరవేసే మానిటర్‌నే.

నా పేస్‌మేకర్ 402–405 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో సమాచారం పంపుతుంది. శరీరంలో అమర్చే పరికరాలకు కేటాయించిన ఈ బ్యాండ్‌లో శక్తి పరిమితి 25 మైక్రోవాట్లే. అందులోనూ కొంత ఒంట్లోని నీరే పీల్చేస్తుంది. పేస్‌మేకర్ టైటానియం డబ్బా తరంగాలను బయటికి పోనివ్వదు కాబట్టి, యాంటెన్నాను లీడ్లు దూర్చే పైభాగంలో అమరుస్తారు. సిగ్నల్ ఇంత బలహీనం గనుక మానిటర్‌ను తలవైపు, రెండు మీటర్ల లోపు పెట్టుకోవాలి. మధ్యలో ఇనుప బీరువా అడ్డుంటే కష్టమే.

నిద్రలో ఉండగా డేటా వెళుతుంది. వెళ్లలేదంటే ముందు ప్లగ్గు, తర్వాత మొబైల్ నెట్‌వర్క్ చూడండి. మానిటర్‌కు బదులు ఫోన్‌లోని యాప్ ద్వారా డేటా పంపే బ్లూటూత్ రకమైతే ఎక్కువసార్లు తప్పు ఫోన్‌దే: బ్యాటరీ సేవర్ యాప్‌ను ఆపేస్తుంది, లేదా అప్‌డేట్ తర్వాత అనుమతులు పోతాయి.

రిపోర్టులో నేను ముందు చూసేది లీడ్ ఇంపెడెన్స్, అంటే కరెంటు ప్రవాహానికి ఆ తీగ దారిలో ఎదురయ్యే నిరోధం. నాది 500 ఓమ్‌ల దగ్గర నిలకడగా ఉంది. ఒక్కసారిగా రెండు మూడు వేలకు ఎగిరితే తీగ విరిగిందనో, కనెక్షన్ వదులైందనో అనుమానించాలి. బాగా పడిపోతే పైతొడుగు దెబ్బతిని ఉండొచ్చు. విరిగిన తీగలో పుట్టే అలజడిని పేస్‌మేకర్ గుండె కొట్టుకోవడంగా పొరబడి, గుండెకు విద్యుత్ పల్స్ ఇవ్వడం మానేయొచ్చు. నాలాగా దాని మీదే ఆధారపడినవాళ్లకు అది ప్రాణాపాయం. మనిషికి ఏమీ తెలియకముందే అంకె మారొచ్చు. రోజువారీ డేటా విలువ అక్కడే ఉంది.

పచ్చలైటుకు అర్థం డేటా చేరిందని మాత్రమే, ఎవరో అప్పటికప్పుడు చూస్తున్నారని కాదు. చాలా క్లినిక్‌లు పనివేళల్లోనే చూస్తాయి. స్పృహ తప్పినా, ఛాతీ నొప్పి వచ్చినా అంబులెన్స్‌కే ఫోన్ చేయాలి. ఊరికే పదేపదే మీరే బటన్ నొక్కి డేటా పంపకండి, ప్రతిసారీ పేస్‌మేకర్ బ్యాటరీ ఖర్చవుతుంది. కొన్నాళ్లు ఊరికి వెళ్లేటప్పుడు, మానిటర్‌ను వెంట తీసుకెళ్లాలా అని క్లినిక్‌ను అడగండి.