గువ్వలచెరువు ఘాట్‌లో పాలకోవ రంగు ఆయిల్

నాన్న నడిపిన ఆరు చక్రాల లారీని అమ్మబుద్ధి కాక, ఆదివారాలు నేనే బాగు చేసుకుంటున్నాను. ఆరు సిలిండర్ల పాత డీజిల్ ఇంజను, వెట్ లైనర్లు (పిస్టన్లు ఆడే గొట్టాలు, చుట్టూ నీళ్లు తిరుగుతాయి). పోయిన నెల కడప నుంచి రాయచోటికి ఘాట్ ఎక్కుతుంటే ఇంజను వేడి చూపే సూది ఎర్రగీత దాటింది. పక్కకు ఆపి, చల్లారేదాకా రేడియేటర్ మూత ముట్టలేదు. తీసి చూస్తే నాలుగు లీటర్ల నీళ్లు తక్కువ, రోడ్డు మీద మాత్రం చుక్క లేదు. డిప్‌స్టిక్ లాగితే ఆయిల్ మట్టం పెరిగి, అచ్చం గువ్వలచెరువు పాలకోవ రంగు! మళ్లీ స్టార్ట్ చేయకుండా క్రేన్‌తో ఇంటికి లాగించాను.

మొదటి ఆదివారం

చూసినోళ్లంతా "హెడ్ గ్యాస్కెట్ పోయిందన్నా, హెడ్ దించెయ్" అన్నారు. ఇంజను బ్లాకుకూ పైన హెడ్‌కూ మధ్య ఉండే పొర అది. ఆయిల్ పోసే మూతకు మాత్రమే తెల్ల నురగ ఉంటే అది చెమ్మ అనుకోవచ్చు. ఇక్కడ మట్టమే పెరిగింది కాబట్టి నీళ్లే. రెండు రోజులు కదిలించకుండా ఉంచి చాంబర్ (ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) నట్టు కొంచెం కొంచెంగా వదులు చేశాను. ముందు తేటగా నీళ్లు, తర్వాత చిక్కటి మజ్జిగ.

ఇంజెక్టర్లు తీసి, ఒక్కో పిస్టన్‌ను పైకి తెచ్చి, గేరులో ఉంచి కంప్రెసర్ గాలి పట్టించాను. గ్యాస్కెట్ పోయి ఉంటే ఆ గాలి నీళ్లలోకి దూరి రేడియేటర్‌లో బుడగలు రావాలి. ఆరింటికీ ఒక్క బుడగ రాలేదు. గ్యాస్కెట్ మీద అనుమానం సగం పోయింది.

రెండో ఆదివారం

చాంబర్ దించి కింద అట్టముక్క పరిచాను. రేడియేటర్‌కు ప్రెషర్ టెస్టర్ పెట్టి, మూత మీద రాసి ఉన్న 7 పౌండ్ల ఒత్తిడి దాకానే పంపు కొట్టాను. టార్చ్ పట్టుకుని ముప్పావు గంట వెల్లకిలా పడుకున్నాను, మెడ పట్టేసింది. లైనర్ల అడుగున తడి లేదు, అంటే అక్కడ నీళ్లను ఆపే రబ్బరు ఓ-రింగులు కావు. చుక్క ముందరి మెయిన్ బేరింగు (క్రాంకు షాఫ్ట్ తిరిగే చోటు, ఆయిల్ ఒత్తిడితో వచ్చేది అక్కడికే) పక్క నుంచి జారింది. నీళ్లు ఆయిల్ దారిలోనే వస్తున్నాయన్నమాట.

ఆయిల్, నీళ్లు పక్కపక్కనే పారేది ఆయిల్‌ను చల్లబరిచే ఆయిల్ కూలర్‌లో. దాన్ని విప్పి, ఒక కొన మూసి, రెండో కొన నుంచి గాలి ఎక్కించి డ్రమ్ములో ముంచితే వెంట్రుకంత సన్నగా బుడగల తీగ లేచింది. పైన సున్నం పొర గోరుతో గీకినా రాలేదు. ఏళ్ల తరబడి పోసిన బోరు నీళ్ల పుణ్యం.

ఇంజను తిరుగుతున్నప్పుడు ఆయిల్ ప్రెషర్ ఎక్కువ, అది నీళ్లలోకి పోతుంది. రేడియేటర్ మూతి దగ్గర కనబడ్డ జిడ్డు అదే. ఆపగానే ఆయిల్ ప్రెషర్ సున్నా, వేడి నీళ్లు మాత్రం ఇంకా ఒత్తిడిలోనే ఉండి అటు దూరతాయి.

మూడో ఆదివారం

నీళ్లు వేడెక్కాక రేడియేటర్ దారి తెరిచే థర్మోస్టాట్‌ను అమ్మకు తెలియకుండా వంటింటి గిన్నెలో కాచాను. మీద 83 డిగ్రీలని ఉంది, 95 దాటినా సగమే తెరుచుకుంది. కూలర్ కోర్, థర్మోస్టాట్, మెయిన్ బేరింగు షెల్స్ కొత్తవి వేశాను. షెల్స్ మసకబారాయి, క్రాంకు మీద గీతలు లేవు, బతికిపోయాను. ఇకపై కూలెంట్‌తో కలిపిన ఆర్‌ఓ నీళ్లే.

చవక ఆయిల్ పోసి ఇరవై నిమిషాలు నడిపి తీసేశాను. పాలపాలుగా వచ్చింది. రెండోసారి లేత టీ రంగు. సూది సగం దగ్గరే నిలబడింది. మూడో విడత మంచి ఆయిల్ పోసి, వంద కిలోమీటర్లు చదును రోడ్డు మీద తిప్పాకే మళ్లీ ఘాట్.