ఒక్క లెన్స్‌తో ఉదయగిరి

ఆదివారం ఉదయగిరి వెళ్లాను, బ్యాగులో జూమ్ చేయడం కుదరని పాత 50 ఎంఎం లెన్స్ ఒక్కటే. జూమ్ లెన్స్‌ని కావాలనే ఇంట్లో వదిలేశా. నెల్లూరులో బస్సెక్కిన దగ్గర్నుంచీ టెన్షనే, కొండా కోటా మొత్తం ఫ్రేములో పట్టవు కదా అని. పట్టలేదు కూడా.

అక్కడ కొయ్య స్పూన్లు చెక్కే ఒక పెద్దాయన పని చూస్తూ నిలబడితే, "దగ్గరికి రా అబ్బయా, అంత దూరాన్నుంచి ఏం కనపడద్ది" అన్నారు. ఇక గంటన్నర ఆయన పక్కనే కింద కూర్చున్నా. అపర్చర్, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం, బాగా తెరిచి 1.8 దగ్గర తీస్తే స్పూను అంచు ఒక్కటే నిలిచింది, వేళ్లన్నీ మసకబారిపోయాయి. దాన్ని 5.6కి చిన్నది చేసి, తగ్గిన వెలుతురుకి తగ్గట్టు షట్టర్ వేగం తగ్గించి ఊపిరి బిగబట్టి తీస్తే ఆయన గోళ్ల సందుల్లో ఇరుక్కున్న కొయ్యపొడి కూడా వచ్చింది. జూమ్ ఉంటే వీధిలోంచే నాలుగు ఫోటోలు కొట్టి కోటకి వెళ్లిపోయేవాణ్ణి, ఆ పొడి చూసేవాణ్ణే కాదు.

జపాన్ దర్శకుడు ఓజు దాదాపు అన్ని సినిమాలూ 50 ఎంఎంతోనే తీశాడు, ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ కార్టియర్ బ్రెసాన్ జీవితమంతా ఎక్కువగా వాడిందీ అదే. 1995లో డెన్మార్క్ దర్శకులు ఇంకో అడుగు ముందుకేసి, కెమెరా చేత్తోనే పట్టుకోవాలి, ప్రత్యేకం లైటింగ్ వద్దు అని తమకి తామే షరతులు పెట్టుకున్నారు. చదివినప్పుడు ఇదంతా పట్టుదల కోసం అనుకున్నా. ఇప్పుడు అలా అనిపించట్లేదు.

ఖరీదైన లెన్స్ కోసం రెండేళ్లుగా దాస్తున్న డబ్బులున్నాయి. వాటిలోంచి ముందు ఆయన చేతుల ఫోటో పెద్ద ప్రింట్ వేయిస్తున్నా, వచ్చే ఆదివారం తీసుకెళ్లి ఇవ్వాలి.