అరవై అడుగుల్లోనే తేలిపోతుంది

డ్రాగ్ స్ట్రిప్‌కి తీసుకెళ్లి నా డాట్సన్ 240జెడ్ బానెట్ ఎత్తగానే అందరూ అడిగేది ఒకటే, "ఎంత హార్స్ పవర్?" అని. నన్నడిగితే ఇలాంటి పాత సిక్స్ సిలిండర్ బండి గురించి అడగాల్సింది అది కాదు, "అరవై అడుగులు ఎంతలో దాటుతోంది?" అని అడగాలి. డ్రాగ్ రేసంటే నిలబడ్డ చోటునుంచి తిన్నగా క్వార్టర్ మైలు పోవడం. క్వార్టర్ మైలంటే 1,320 అడుగులు, అంటే 402 మీటర్లు. అందులో మొదటి 60 అడుగులకి టైమ్ విడిగా కొలుస్తారు, చివర్లో చేతికిచ్చే స్లిప్ మీద అది కూడా ఉంటుంది. అక్కడ 0.1 సెకను పోతే ఫినిష్ లైన్ దగ్గరికి వచ్చేసరికి అది ఒకటిన్నర రెట్లో రెండు రెట్లో అయి కూర్చుంటుంది, పైన ఇంజన్ ఎంత బాగా లాగినా ఆ పోయింది తిరిగి రాదు.

తెలియనివాళ్ల కోసం బండి గురించి కాస్త. 1969 అక్టోబర్‌లో జపాన్‌లో ఫెయిర్‌లేడీ జెడ్ పేరుతో వచ్చింది, ఇక్కడ అమెరికాలో 1970 మోడల్‌గా 3,526 డాలర్లకి అమ్మారు. ఎల్24 అనే 2,393 సీసీ ఇంజన్, ఆరు సిలిండర్లూ ఒకే వరసలో, ఐరన్ బ్లాక్, అల్యూమినియం హెడ్, ఆ రోజుల లెక్కలో 151 హార్స్ పవర్. బరువు టన్నుకి కాస్త ఎక్కువ. ఫ్యాక్టరీ నుంచి వచ్చింది వచ్చినట్టు తోలితే క్వార్టర్ మైలుకి 16 సెకన్లు దాటుతుంది. 1971లో ఈస్ట్ ఆఫ్రికన్ సఫారీ ర్యాలీ గెలిచింది ఈ కారే, 1973లో మళ్లీ గెలిచింది, ఆ రెండోసారి స్టీరింగ్ పట్టుకున్నది షేఖర్ మెహతా, ఉగాండాలో పుట్టిన భారతీయ మూలాల మనిషి. ఆ పేరు మన దగ్గర ఎంత తక్కువమందికి తెలుసో చూస్తే నాకు బాధేస్తుంది.

ఇలా ఆరు సిలిండర్లూ ఒకే వరసలో ఉండే ఇన్‌లైన్ సిక్స్ మీద నాకున్న ప్రేమకి కారణం సౌండ్ ఒక్కటే కాదు. ఒకటీ ఆరూ, రెండూ ఐదూ, మూడూ నాలుగూ, ఇలా పిస్టన్లు జతలుగా కలిసి పైకీ కిందకీ కదులుతాయి, పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంక్ మీద ఒక్కో జతకీ మధ్య 120 డిగ్రీలు. దానివల్ల ఇంజన్‌ని పైకీ కిందకీ, ముందుకీ వెనక్కీ ఊపే బలాలు వాటికవే రద్దయిపోతాయి. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో వచ్చే సన్నటి వణుకు ఇందులో ఉండదు. 1-5-3-6-2-4 వరసలో ఫైర్ అవుతుంటే ఆరు వేల ఆర్‌పీఎం దగ్గర కూడా సీట్లో కూర్చున్నవాడికి తెలిసేది ఆ గొంతు పెరగడమే. మన దగ్గర ఆర్మీలో పనిచేసినవాళ్లకి జబల్‌పూర్‌లో తయారైన నిస్సాన్ జోంగా గుర్తుండే ఉంటుంది, దాంట్లోనూ 3,956 సీసీ పెట్రోల్ ఇన్‌లైన్ సిక్సే.

మరి ఇంత మంచి ఇంజన్ అయితే అమెరికాలో డ్రాగ్ రేసింగ్ అంతా వీ8ల చుట్టూ, అంటే నాలుగేసి సిలిండర్లు రెండు వరసల్లో వీ ఆకారంలో ఉండే ఇంజన్ల చుట్టూ ఎందుకు తిరిగింది? చవక, సైజు పెద్దది, అన్నిటికంటే ముఖ్యంగా క్రాంక్ పొట్టిది. ఆరు సిలిండర్లు వరసగా పెడితే క్రాంక్ పొడుగవుతుంది, పొడుగైన క్రాంక్ హై ఆర్‌పీఎంలో మెలిపడుతుంది. ఆ మెలికని అణచడానికే ముందు పుల్లీలో రబ్బరు పెట్టిన డాంపర్ ఉంటుంది. యాభై ఏళ్లకి ఆ రబ్బరు ఎండిపోయి బయటి రింగు మెల్లగా జారుతుంది. జారితే దాని మీదున్న టైమింగ్ గీత, అంటే స్పార్క్ ఎప్పుడు పడుతోందో చూసుకునే గుర్తు కూడా జారినట్టే, మీరు లైట్ పెట్టి 34 డిగ్రీలు అని చూసి సంతోషపడుతుంటారు, లోపల అసలు సంగతి వేరు. పాత ఎల్ సిరీస్ కొన్నవాళ్లు కార్బురేటర్ల మీద డబ్బు పెట్టే ముందు ఆ డాంపర్ చూసుకోండి, ఇది నేను ఎవరికైనా చెప్పే మొదటి మాట.

నా బండిలో ఇప్పుడున్నది ఎల్28. 2,753 సీసీ, తర్వాతి 280జెడ్‌లో వచ్చిన ఇంజన్, మార్పులేమీ పెద్దగా లేకుండా అదే చోట కూర్చుంటుంది. దాని మీద 240జెడ్ మొదటి ఏళ్లలో వచ్చిన రెండు హిటాచీ ఎస్‌యూ తరహా కార్బురేటర్లే, గుండ్రటి మూతలవి. 1973 మోడల్‌కి పొగ రూల్స్ కోసం వేరే రకం పెట్టారు, అవి వేడికి పడే తిప్పలు చూసి చాలామంది పీకేసి పాతవే వెతుక్కుంటారు. ఆ మాటకొస్తే పాతవాటికీ వేడి గొడవ ఉంది. ఈ హెడ్‌లో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ ఒకే వైపు, కార్బురేటర్ల కిందే సలసలా కాగే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, పొగ బయటికి పోయే గొట్టాలు. రేస్‌కి ముందు వరసలో ఆగే స్టేజింగ్ లేన్‌లో ఇరవై నిమిషాలు ఇంజన్ ఆన్‌లో పెట్టుకుని కూర్చుంటే కార్బురేటర్ ఫ్లోట్ బౌల్ అనే చిన్న గిన్నెలో పెట్రోల్ మరిగిపోతుంది, లైన్ దగ్గరికి వచ్చి యాక్సిలరేటర్ తొక్కితే బండి దగ్గుతుంది. అందుకే లేన్‌లో మేం ఇంజన్ ఆపేసి, బానెట్ ఎత్తి పెట్టి, వరస కదిలినప్పుడల్లా దిగి చేత్తో తోసుకుంటూ వెళ్తాం. నేను ఎక్కువగా వెళ్లేది కాలిఫోర్నియాలోని సొనోమా రేస్‌వేకి, దాదాపు సముద్రమట్టం ఎత్తులోనే ఉంటుంది, పొద్దుగూకాక సాన్ పాబ్లో బే వైపు నుంచి చల్లగాలి మొదలైతే బండి మనసు మారినట్టు లాగుతుంది, టైమ్ స్లిప్‌లో అది అంకెల్లో కనపడుతుంది కూడా.

ఇక అరవై అడుగుల సంగతికి వస్తే, ఈ కారుకి కష్టమంతా వెనక ఉంది. ఇండిపెండెంట్ రియర్ సస్పెన్షన్, అంటే వెనక చక్రాలు దేనికవే పైకీ కిందకీ కదులుతాయి, మలుపుల్లో అద్భుతంగా ఉంటుంది కానీ నిలబడ్డ చోటునుంచి ఒక్కసారిగా లాగడానికి దాన్ని తయారుచేయలేదు. క్లచ్ వదలగానే వెనక చక్రాలకి బలం పంచే గేర్ డబ్బా, డిఫరెన్షియల్ ముక్కు పైకి లేస్తుంది, దాన్ని పట్టి ఉంచేది ఓ రబ్బరు మౌంటూ, పైన ఓ బెల్టు లాంటి పట్టీ. రబ్బరు చిరిగితే ధడేల్‌మని ఒక చప్పుడు, అది ఒక్కసారి వింటే మర్చిపోరు. ఆ తర్వాత అక్కడినుంచి చక్రాలకి వెళ్లే హాఫ్ షాఫ్టుల యూ-జాయింట్లు. జాక్ మీద ఎత్తి చక్రాన్ని చేత్తో పట్టి అటూ ఇటూ తిప్పితే వెంట్రుకవాసి లూజు కూడా టక్ టక్ అని చేతికి తెలుస్తుంది, క్యాప్ అంచున ఇటుక రంగు పొడి కనిపిస్తే లోపల సూది బేరింగులు పిండి అయిపోయినట్టే. నేను పాత ఆర్180 డిఫరెన్షియల్ తీసేసి ఆర్200 వేశాను. ఆ అంకెలు లోపలి రింగ్ గేర్ వ్యాసం, మిల్లీమీటర్లలో. గేర్ రేషియో కూడా 3.36 నుంచి 3.90కి మార్చాను. హార్స్ పవర్ ఒక్కటి కూడా పెరగలేదు, అరవై అడుగుల టైమ్ మాత్రం కళ్లముందే దిగింది. ఇప్పుడు మామూలు రోడ్డు టైర్ల మీద పద్నాలుగున్నర సెకన్ల చుట్టూ తిరుగుతోంది, ఫినిష్ లైన్ దగ్గర గంటకి 150 కిలోమీటర్లు.

పద్నాలుగున్నర ఈ కాలంలో ఏం వేగం అంటారా? ఫ్యామిలీ ఎలక్ట్రిక్ కార్లే పన్నెండు లోపు పోతున్నాయి, నిజమే. అందుకే నాకు బ్రాకెట్ రేసింగ్ ఇష్టం. అందులో మన బండి ఎంతలో పోతుందో ముందే మనమే చెప్పి అద్దం మీద రాసుకోవాలి, నెమ్మది బండికి ఆ తేడా అంతా ముందే ఇచ్చేస్తారు. చెప్పినదానికంటే వేగంగా పోతే ఓడిపోయినట్టు. గెలిచేది ఎక్కువ వేగం ఉన్నవాడు కాదు, చెప్పిన మాట మీద నిలబడ్డవాడు.

ఓసారి మా ఆఫీసు కుర్రాడు, గుంటూరు అబ్బాయి, తన ఎలక్ట్రిక్ కారుతో వచ్చాడు. లాటరీ తగిలినట్టు ఇద్దరం పోటీకి పక్కపక్క లేన్లలో పడ్డాం. వాడు 11.80 రాశాడు, నేను 14.50. అంటే నాకు 2.70 సెకన్లు ముందు. "అన్నా, అంత ముందు పంపిస్తే నేను నిన్ను పట్టుకోలేనా" అన్నాడు. "పట్టుకుంటావ్‌లే తమ్ముడూ, లైట్ చూసుకో" అన్నాను. పసుపు లైట్లు మూడు, అర సెకను తేడాతో ఒక్కోటీ పడతాయి. నేను చివరి పసుపు పడగానే క్లచ్ వదిలేశా, ఆకుపచ్చ కోసం ఆగలేదు, ఎందుకంటే కంటికి కనపడి కాలు కదిలి బండి కదిలేసరికి ఎలాగూ ఆకుపచ్చ పడుతుంది. ఆకుపచ్చ పడ్డాక బండి కదలడానికి పట్టే టైమే రియాక్షన్, దాన్ని విడిగా లెక్కేస్తారు. నా రియాక్షన్ 0.10, బండి 14.56లో పోయింది. వాడి బండి 11.83లో పోయింది, మాట మీద నాకంటే బాగా నిలబడింది, కానీ వాడు ఆకుపచ్చ చూశాకే తొక్కాడు, రియాక్షన్ 0.42. లైన్ దగ్గర నాకు మూడు కార్ల దూరం వెనక ఉన్నాడు. స్లిప్ చూసి చాలాసేపు నమ్మలేదు, తర్వాత అదే స్లిప్ పట్టుకుని అరగంట నన్ను ప్రశ్నలడిగాడు. ఇప్పుడు వాడూ పాత జెడ్ ఒకటి వెతుకుతున్నాడు.

విలువ పెరుగుతున్న కారుని ఇలా హింసించడం పాపం కదా అని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. జపాన్‌లో ఇదే ఎల్28కి ఎల్‌డీ28 డీజిల్ ఇంజన్ క్రాంక్ వేసి 3.1 లీటర్లు చేసి, మూడు పెద్ద సైడ్ డ్రాఫ్ట్ కార్బురేటర్లు పెట్టి దశాబ్దాలుగా డ్రాగ్ రేసులు చేస్తున్నారు, ఆ పట్టుదల వల్లే ఈ ఇంజన్‌కి ఇవాళ్టికీ కొత్త పార్టులు తయారవుతున్నాయి. ఆస్ట్రేలియావాళ్లు 1972లోనే వాలియంట్ ఛార్జర్ ఈ49ని 4.3 లీటర్ల ఇన్‌లైన్ సిక్స్, మూడు వెబర్ కార్బురేటర్లతో షోరూమ్‌లో అమ్మారు, 302 హార్స్ పవర్, అదీ పద్నాలుగు సెకన్ల చిల్లర బండే. ఈ ఇంజన్లు తిరగడానికి పుట్టినవి. గరాజ్‌లో కవర్ కింద ఉంటే జెడ్‌ని తినేది రేస్ కాదు, తుప్పు. బ్యాటరీ ట్రే కింద ఓసారి వేలు పెట్టి చూడండి, తెలుస్తుంది.

బే ఏరియాలో ఎవరి దగ్గరైనా ఇలాంటి బండి ఉంటే రండి. టెక్ ఇన్‌స్పెక్షన్ గురించి టెన్షన్ పడక్కర్లేదు, బ్యాటరీ కదలకుండా బిగించి ఉందా, ఎక్కడా లీకులు లేవా, సీటు బెల్టు, టైర్లు సరిగా ఉన్నాయా అని చూస్తారు. 13.99 లేదా అంతకంటే వేగంగా పోతే హెల్మెట్ తప్పనిసరి, 11.49 లేదా అంతకంటే వేగమైతే రోల్ బార్, అంటే బండి బోల్తా పడితే కాపాడే ఇనుప కమ్మీ కూడా కావాలి. హెల్మెట్ మాత్రం మీ టైమ్ ఎంతైనా పెట్టుకోండి, నేను పెట్టుకుంటాను. ఫుల్ చేతుల కాటన్ చొక్కా వేసుకురండి, లేన్‌లో తోయడానికి ఒక మనిషిని కూడా వెంట తెచ్చుకోండి.