అద్దాల షాపు కాదు, కంటి పరీక్ష కేంద్రం: లోను చేతికొచ్చేదాకా నా అనుభవం

ఈ కార్తీకమాసంలో నా సొంత కంటి పరీక్ష కేంద్రం తెరిచాను. రావులపాలెం దగ్గర ఒక మండల కేంద్రం మాది. తెరిచిన దగ్గర్నుంచీ కాలేజీ జూనియర్లు ఫోన్లు చేస్తున్నారు. ఎలా పెట్టావక్కా, ఎంతయింది, లోను ఎవరిచ్చారు అని. ఒక్కొక్కరికీ మొదట్నుంచీ చెప్పుకొచ్చే తీరిక లేదు. బ్యాంకులో నాకు జరిగింది తలుచుకుంటే ఇంకా ఒళ్ళు మండుతోంది. ఆ మంట చల్లారకముందే రాసేస్తున్నాను.

మా బి.ఆప్టోమ్, అంటే కంటి పరీక్షలు చేసే ఆప్టోమెట్రిస్టు డిగ్రీ, నాలుగేళ్ళ చదువు. అందులో చివరి ఏడాది ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్. బయటికొచ్చాక కంటి ఆసుపత్రిలోనో, చెయిన్ షాపులోనో ఉద్యోగం దొరుకుతుంది. చదువు మీద ఇష్టం ఉన్నవాళ్ళు మాస్టర్స్ చేసి పాఠాలు చెప్పేవైపు వెళ్తారు. నా స్నేహితురాలు డేటాఫ్లో అనే సర్టిఫికెట్ల వెరిఫికేషన్ చేయించుకుని, అక్కడి లైసెన్సుకి ప్రోమెట్రిక్ పరీక్ష రాసి దుబాయ్ వెళ్ళింది, హాయిగా ఉంది. కొందరు ప్రభుత్వ కంటి వెలుగు శిబిరాల్లో చేశారు. తెలంగాణలో 2018లో, మన ఆంధ్రలో 2019లో ఆ పథకాలు మొదలైనప్పుడు మనవాళ్ళకి గిరాకీ వచ్చింది. శిబిరాలు ఆగాయి, ఆ ఉద్యోగాలూ ఆగాయి.

నేను మొదట ఆసుపత్రిలో చేశాను. పని నేర్చుకోవాలంటే ఆసుపత్రిని మించిన చోటు లేదు. రోజంతా రెటినోస్కోప్ (కంట్లోకి వెలుగు వేసి పవరు అంచనా వేసే పరికరం) పట్టుకుని కూర్చుంటే చెయ్యి తిరుగుతుంది, నీటికాసులు, షుగరు వల్ల వచ్చే రెటీనా జబ్బు కళ్ళారా చూస్తాం. జీతం మాత్రం పెరగదు. మానేసేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వడానికి నన్ను నెలల తరబడి తిప్పారు. ఒరిజినల్స్ మా దగ్గర పెట్టండి అనే చోట ఎంత పెద్ద పేరున్నా సరే చేరకండి.

తర్వాత ఒక చెయిన్ షాపు. అక్కడ జీతం నయం, ఏసీ గది, యూనిఫాం. కానీ నెల చివర చూసేది ఎంతమందికి సైటు సరిగ్గా చూశామన్నది కాదు, సగటు బిల్లు ఎంత లేచిందన్నది. ఒక పెద్దాయన శుక్లాలు ముదిరి వచ్చారు. ఏ అద్దం మార్చినా చూపు మెరుగుపడట్లేదు. "ముందు ఆపరేషన్ చేయించుకోండి తాతగారూ, అద్దాలు తర్వాత చూద్దాం" అని పంపించాను. ఆ సాయంత్రం మేనేజరు నన్ను అందరి ముందూ నిలబెట్టి మాట్లాడాడు. ఆయనకి ప్రోగ్రెసివ్ అద్దాలు (దూరం, దగ్గర రెండూ కనిపించే ఖరీదైన అద్దాలు) అమ్మి పంపాల్సిందట. నేను చేసింది సరైన పని. ఇప్పుడు నా కుర్చీలో కూర్చుని కూడా అదే చేస్తున్నాను.

సొంతంగా పెట్టుకోవాలనుకున్నాక మూడు దారులు చూశాను. ఫ్రాంచైజీ ఒకటి. పేరు వాళ్ళది, లోపలి డిజైను వాళ్ళు చెప్పినట్టే, ఫ్రేములూ అద్దాలూ వాళ్ళ దగ్గరే. పెట్టుబడి మాత్రం మనది. మా ఊరి అమ్మకాలకి ఆ లెక్క ఎంత తిప్పినా కుదరలేదు. పట్టణంలో, చేతిలో డబ్బున్నవాళ్ళకి కుదరొచ్చు. రెండోది, ఒక కంటి డాక్టరుగారి క్లినిక్ ముందు గదిలో ఆప్టికల్స్ నడపడం. అద్దె ఇవ్వాలి, అమ్మకంలో వాటా ఇవ్వాలి, పరీక్ష ఫీజు ఆయనదే. అంటే ఉద్యోగమే, కాకపోతే నష్టం నాది. మూడోది పూర్తిగా సొంతం. నేను దీన్నే ఎంచుకున్నాను.

అద్దె గది దొరకడం, పంచాయతీ ట్రేడ్ లైసెన్సు, కరెంటు మీటరు మార్పించడం పెద్ద కష్టమేమీ కాలేదు. చిన్న వ్యాపారాలకి కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆధార్‌తో ఫోన్లోనే అయిపోయింది, పైసా ఫీజు లేదు. దానికి వెయ్యి రూపాయలు తీసుకునే నెట్ సెంటర్లున్నాయి, ఇవ్వకండి. కాంటాక్ట్ లెన్సులు అమ్మాలంటే వైద్య పరికరాల అమ్మకానికి ఔషధ నియంత్రణ శాఖ ఇచ్చే ఎండీ-42 రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. దానికి అర్హత ఉన్న మనిషి కావాలంటారు, మన డిగ్రీ ఉంది కాబట్టి పేచీ లేదు.

ఇక డబ్బు.

సొంతంగా యూనిట్ పెట్టుకునేవాళ్ళకి బ్యాంకు లోనుతో పాటు సబ్సిడీ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ పథకం పీఎంఈజీపీ (ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం) గురించి నాకు ముందే తెలుసు. సేవా రంగంలో ప్రాజెక్టు 20 లక్షల వరకు ఉండొచ్చు. పంచాయతీ పరిధిలో పెట్టే మహిళలకి 35 శాతం సబ్సిడీ, సొంత వాటా 5 శాతం చాలు. నా ప్రాజెక్టు తొమ్మిదిన్నర లక్షలు. పవరు అంచనా వేసే ఆటో రిఫ్రాక్టోమీటరు, కన్నుని పెద్దదిగా చూపించే స్లిట్ ల్యాంప్, కంటి ఒత్తిడి కొలిచే నాన్ కాంటాక్ట్ టోనోమీటరు, పవరు తేల్చే అద్దాల ట్రయల్ సెట్, కళ్ళజోడు పవరు కొలిచే లెన్సోమీటరు, అద్దాలు కోసి ఫ్రేములో బిగించే ఎడ్జింగ్ మెషీను, కుర్చీ యూనిట్టు, కొంత ఫర్నిచరు, కొంత వర్కింగ్ క్యాపిటల్. ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టాను, జిల్లా పరిశ్రమల కేంద్రం వాళ్ళు చూసి బ్యాంకుకి పంపించారు. అక్కడిదాకా సాఫీగానే సాగింది.

బ్యాంకు మేనేజరు గది బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. లంచ్ అయ్యాక రమ్మన్నారు, ఆడిటుందన్నారు, ఫీల్డ్ ఆఫీసరు రాలేదన్నారు. ఎన్నిసార్లు తిరిగానో లెక్క పెట్టుకోలేదు. చివరికి లోపలికి పిలిచిన రోజు గదిలో ఇంకో నలుగురైదుగురు ఉన్నారు, పంట రుణాల వాళ్ళు. ఫైలు పైపైన తిప్పి ఆయన అన్న మొదటి మాట:

"అద్దాల షాపుకి తొమ్మిది లక్షలెందుకమ్మా?"

అద్దాల షాపు కాదు సార్, కంటి పరీక్ష కేంద్రం, నేను ఆప్టోమెట్రిస్టుని అన్నాను. "అంటే డాక్టరా?" అన్నాడు. డాక్టర్ని కాను సార్, కంటి పరీక్షలో నాలుగేళ్ళ డిగ్రీ చేశాను అన్నాను. పక్కన నిలబడ్డ ఫీల్డ్ ఆఫీసరు వైపు తిరిగి, "కళ్ళు చూస్తారంట, డాక్టరు మాత్రం కాదంట" అన్నాడు. గదిలో ఉన్నవాళ్ళు నవ్వారు. వాళ్ళలో మా వీధి ఆయన కూడా ఉన్నారు. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నేను ఊరికే వెళ్ళలేదు. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ప్రింటు తీసుకెళ్ళాను. అందులో ఆరోగ్య వృత్తి నిపుణులంటే ఎవరో రాసుంది, కనీసం 3,600 గంటల డిగ్రీ చదువు ఉండాలని ఉంది, షెడ్యూల్లో ఆప్టోమెట్రిస్టు పేరుంది. ఆ పేజీకి పచ్చ కాగితం అంటించి ఆయన ముందు పెట్టాను. కన్నెత్తి చూడలేదు. "మీ ఆయన్ని తీసుకొచ్చి మాట్లాడండి" అన్నాడు. మా ఆయన లారీ ట్రాన్స్‌పోర్టులో లెక్కలు రాస్తారు. ఆయన వచ్చి స్లిట్ ల్యాంప్ గురించి ఏం మాట్లాడతారు? అయినా వచ్చారు పాపం, పని మానుకుని. అప్పుడు మాట మారింది: "మీ నాన్నగారి కొబ్బరి తోట పాసుపుస్తకం పెట్టండి, చూద్దాం."

ఇది గుర్తుపెట్టుకోండి. పీఎంఈజీపీలో 10 లక్షల లోపు ప్రాజెక్టుకి తాకట్టు అడగకూడదు. తాకట్టు బదులు లోనుకి హామీ ఇచ్చే క్రెడిట్ గ్యారంటీ కిందికి తీసుకోవాలి. ఆ మాట నేను అనగానే ఇంకో కొర్రీ వేశాడు. కళ్ళజోళ్ళు అమ్మడం వ్యాపారం, సేవ కాదు, నీ ప్రాజెక్టు వ్యాపారం కిందికి వస్తుంది అని. ఇది మాత్రం నన్ను నిజంగా చాలా రోజులు తికమక పెట్టింది. ఎందుకంటే సగం నిజం. మన ఆదాయంలో పెద్ద భాగం ఫ్రేములు, అద్దాల నుంచే వస్తుంది. పరీక్ష ఫీజు మా ఊళ్ళో వంద దాటితే జనం రారు. కానీ ఆ అద్దం ఏ పవరు, సిలిండరు (కార్నియా వంపు తేడాని సరిచేసే పవరు) ఏ యాక్సిస్‌లో, అంటే ఏ కోణంలో ఉండాలి, రెండు కళ్ళ నల్లగుడ్ల మధ్య దూరమెంత అన్నది నేను తేల్చాకే కదా అది కళ్ళజోడయ్యేది? రైతుబజార్లో రెడీమేడ్ రీడింగ్ గ్లాసులు అమ్మేవాడిదీ నాదీ ఒకే పనా?

పథకం మార్గదర్శకాలు ముందేసుకుని చదివాను. సేవా సదుపాయంతో కలిసి నడిచే రిటైల్ దుకాణాన్ని ఒప్పుకుంటారని అందులో ఉంది. దాంతో ప్రాజెక్టు రిపోర్టు మొత్తం తిరగరాయించాను. ఆడిటరు రాసింది పక్కన పెట్టి ఆదాయం పేజీ నేనే రాశాను. కంటి పరీక్ష, స్కూలు పిల్లల స్క్రీనింగ్, కాంటాక్ట్ లెన్స్ ఫిట్టింగ్, బయటి షాపులకి అద్దాలు కోసి బిగించివ్వడం, ఇవన్నీ విడివిడిగా చూపించాను. ఎడ్జింగ్ మెషీను కొటేషన్ని మొదటి పేజీలోకి తెచ్చాను. ఆప్టోమెట్రిస్టులు లోనుకి వెళ్ళేటప్పుడు ఇది కచ్చితంగా చేయండి. మామూలు ఆడిటర్లకి మన పని తెలియదు, కిరాణా కొట్టు రిపోర్టులో పేరు మార్చి ఇచ్చేస్తారు.

కొత్త రిపోర్టు ఇచ్చినా కదలలేదు. అప్పుడు ఒకే ఒక్క మాట పట్టుకున్నాను: "కుదరకపోతే కారణం రాసివ్వండి సార్." నోటితో ఎన్నైనా చెప్పారు, రాయమంటే పెన్ను కదల్లేదు. ఆ సోమవారం కలెక్టరేట్లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకి వెళ్ళి అర్జీ పెట్టాను. నకలు ఒకటి జిల్లాలో బ్యాంకులన్నిటినీ సమన్వయం చేసే లీడ్ బ్యాంకు జిల్లా మేనేజరుకి ఇచ్చాను. అర్జీలో ఎవర్నీ తిట్టలేదు. దరఖాస్తు ఎప్పుడు బ్యాంకుకి చేరింది, తాకట్టు ఎప్పుడు అడిగారు, ఏ నిబంధన ప్రకారం అడగకూడదు, అంతే, ఒక్క పేజీ. ఆ వారం తిరక్కుండానే ఫీల్డ్ ఆఫీసరు నుంచి ఫోను: "మేడం, గది చూడ్డానికి ఎప్పుడు రమ్మంటారు?"

అమ్మా నుంచి మేడం అయ్యాను. నాకు ఆ గౌరవం అర్జీ కాగితం ఇచ్చింది, నా డిగ్రీ ఇవ్వలేదు. అందుకే ఈ కోపం. ఒక ఆడపిల్ల నాలుగేళ్ళు చదివి, పుట్టిన ఊరికి తిరిగొచ్చి జనం కళ్ళు చూస్తానంటే, ఆమె చదువేంటో ఒక్క నిమిషం వినే ఓపిక కుర్చీలో కూర్చున్న మనిషికి ఉండాలి. ఆ కుర్చీ ఇచ్చింది అందుకే.

శాంక్షన్ తర్వాతి సంగతులు త్వరగా చెప్పేస్తాను. నా వాటా 47,500 కట్టాను. ఈడీపీ శిక్షణ (వ్యాపారం నడపడం నేర్పేది) ఆన్‌లైన్లో చేశాను. బ్యాంకు లోను 9,02,500. సబ్సిడీ 3,32,500 మన చేతికి రాదు. మన పేరు మీద మూడేళ్ళు డిపాజిట్‌గా ఉంటుంది, దానికి వడ్డీ రాదు, లోనులో అంత భాగం మీద మన దగ్గర వడ్డీ తీసుకోరు. మూడేళ్ళయ్యాక, యూనిట్ నడుస్తోందని చూసి లోనులో సర్దుతారు. "సబ్సిడీ డబ్బు చేతికిప్పిస్తాం, పది శాతం ఇవ్వండి" అని వచ్చే బ్రోకర్లుంటారు. నా దగ్గరికీ వచ్చారు. గుమ్మంలోంచే పంపించేశాను.

మెషీన్ల విషయంలో ఒక సలహా. ఆటో రిఫ్రాక్టోమీటరు కాగితం చూసి అద్దాలు రాసేసే పద్ధతి మా చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లో ఉంది. దయచేసి మీరు అలా చేయకండి. అది మొదలుపెట్టడానికి ఒక అంకె ఇస్తుంది, అంతే. చార్టు చదివించి, అద్దాలు మార్చి మార్చి అడిగి తేల్చాల్సిందే. పిల్లలకైతే చుక్కలు వేసి చూసే ఏర్పాటు కంటి డాక్టరు పర్యవేక్షణలో చేయించాల్సిందే. కేంద్రం తెరిచిన కొత్తలోనే ఒక ఇంటర్ కుర్రాడు వచ్చాడు. ఏటా సిలిండరు మారుతోందని ఏటా కొత్త కళ్ళజోడు కొనిపిస్తున్నారు ఇంట్లోవాళ్ళు. రెటినోస్కోప్ వేస్తే వెలుగు కత్తెర రెక్కల్లా విడిపోతోంది. కార్నియా శంకువులా ముందుకొచ్చే జబ్బు, కెరటోకోనస్ అనుమానం. కళ్ళు బాగా నలుపుతాడా అని అడిగితే వాళ్ళమ్మ అవునంది. అద్దాలు అమ్మకుండా పెద్దాసుపత్రికి ఉత్తరం రాసి పంపాను. కార్నియా ఆకారం చూపించే టోపోగ్రఫీ పరీక్షలో అదేనని తేలింది, జబ్బు ముదరకుండా కార్నియాని గట్టిపరిచే క్రాస్‌లింకింగ్ చేశారు. అంతకుముందు రెండు షాపులవాళ్ళు, ఒక చెయిన్‌తో సహా, పట్టుకోలేనిది నేను పట్టుకున్నాను. ఈ మాట గర్వంగానే చెప్తున్నాను. పంపించినందుకు ఏ ఆసుపత్రి నుంచీ కమీషన్ తీసుకోను, ఇస్తామన్నా.

ఇప్పుడు ఎలా నడుస్తోందంటే, సంత రోజు బాగుంటుంది, మిగతా రోజులు ఓ మోస్తరు. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైటు కళ్ళజోళ్ళ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి దిగడం మాలాంటి చిన్నవాళ్ళకి కలిసొచ్చింది, బిల్లు అడిగేవాళ్ళు భయపడట్లేదు. కిస్తీ కడుతున్నాను. ఒక అమ్మాయిని పనిలో పెట్టుకుని ఫిట్టింగ్ నేర్పిస్తున్నాను. పథకం పేరున్న బోర్డు గోడకి పెట్టాను, వెరిఫికేషన్‌కి వచ్చేవాళ్ళు మొదట అడిగేది అదే. ప్రతి మెషీను బిల్లూ ఒకే ఫైల్లో ఉంచాను.

నా ప్రాజెక్టు రిపోర్టూ, కలెక్టరేట్లో ఇచ్చిన అర్జీ కాపీ ఎవరికైనా పనికొస్తాయనుకుంటే అడగండి, ఖాతా నంబర్లూ పేర్లూ తీసేసి పంపిస్తాను. ఆదాయం పేజీలో అంకెలు మాత్రం మీ ఊరివి వేసుకోండి.