ట్రైలర్ మీది వించ్‌కి కరెంటు ఎక్కడి నుంచి ఇవ్వాలి? – నా అనుభవం

పాత బండ్లు కొని బాగుచేసుకునే అలవాటు ఉన్నవాళ్లకి తెలుసు, మనకి దొరికేది ఎక్కువగా నడవని బండే. ఇంజిన్ పోయి ఉంటుంది, లేదా ఏళ్ల తరబడి షెడ్డులో పడి ఉండి బ్రేకులు పట్టేసి ఉంటాయి. ఇక్కడ టెక్సాస్‌లో డల్లాస్ చుట్టుపక్కల చిన్న ఊళ్ల నుంచి అలాంటివి తెచ్చుకోవడానికి 18 అడుగుల కార్ ట్రైలర్ కొన్నాను. దాని ముందు అంచున 8000 పౌండ్ల ఎలక్ట్రిక్ వించ్, అంటే తాడు చుట్టుకుంటూ బండిని ట్రైలర్ మీదకి లాగే మోటారు, బిగించాను. బిగించడానికి పెద్దగా కష్టపడలేదు. దానికి కరెంటు ఇవ్వడం దగ్గరే బోలెడంత నేర్చుకోవాల్సి వచ్చింది. ఈ పని పెట్టుకోబోయేవాళ్లకి ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను.

ట్రైలర్ కొన్న చోట ఒకాయన చాలా సులువుగా చెప్పేశాడు: "ఏడు పిన్నుల ప్లగ్గులో 12 ఓల్టుల పిన్ను ఉంది కదా, దానికే కలిపేయండి." ఆ ప్లగ్గు ట్రైలర్‌ని లాగే పికప్ ట్రక్కు వెనక ఉంటుంది. ట్రైలర్ లైట్లు, బ్రేకులు అన్నీ దాని మీదుగానే పనిచేస్తాయి. అందులో నల్ల వైరు 12 ఓల్టులది. నా ట్రక్కులో అది 10 గేజ్ వైరు (గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు), దాని ఫ్యూజు 30 ఆంప్స్. వించ్ మాన్యువల్‌లో పట్టిక చూస్తే, ఏ బరువూ లాగకుండా ఉత్తినే తిరిగేటప్పుడే 70 ఆంప్స్ పైన తీసుకుంటోంది. పూర్తి బరువు మీద 400 దగ్గరికి వెళ్తుంది. అంటే తాడు వదులుగా ఉన్నప్పుడే ఆ ఫ్యూజు ఎగిరిపోతుంది. పెద్ద ఫ్యూజు వేస్తే ఈసారి వైరే కాలుతుంది. ఆ దారి అక్కడితో మూసేశాను.

మరి ట్రక్కు బ్యాటరీ నుంచి లావు కేబుల్ లాగితే? చాలామంది చేసేది ఇదే. ట్రక్కు వెనక బంపర్ దగ్గర పెద్ద ఆండర్సన్ కనెక్టర్ (భారీ కరెంటుకి వాడే ప్లగ్గు) పెట్టుకుని, అవసరమైనప్పుడు ట్రైలర్ కేబుల్ తగిలిస్తారు. నేనూ మొదట దీనికే మొగ్గాను. ఊళ్లో మోటార్లు చుట్టే మా బాబాయికి వీడియో కాల్‌లో చూపిస్తే, ఆయన వించ్ సంగతి అడగనేలేదు. "ఏరా, బ్యాటరీకీ మోటారుకీ మధ్య దూరం ఎంత?" అన్నాడు. ముప్ఫై అడుగులన్నాను. "పోనూ రానూ అరవై అన్నమాట. ముందు ఆ లెక్క చూసుకో నాన్నా" అన్నాడు.

ఆయన అంత గట్టిగా ఎందుకన్నాడో పల్లెలో పెరిగినవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా, సన్నటి సర్వీసు వైరు చివరన ఉన్న పొలంలో మోటారు మూలుగుతుంది గానీ నీళ్లు ఎత్తదు, చివరికి కాలుతుంది. అక్కడిది ఏసీ మోటారు, ఇక్కడిది డీసీ. చెడిపోయే తీరు వేరు, కారణం మాత్రం ఒకటే: వైరే ఓల్టేజీని తినేస్తుంది. వించ్ మోటారుకి ఓల్టేజీ తగ్గితే నెమ్మదిగా తిరుగుతుంది. అదే బరువు లాగడానికి ఎక్కువసేపు పడుతుంది కాబట్టి ఎక్కువ వేడెక్కుతుంది. ఇంకో ప్రమాదం కంట్రోల్ బాక్సులోని సోలినాయిడ్‌ది, అంటే బటన్ నొక్కితే మోటారుకి కరెంటు కలిపే స్విచ్‌ది. ఓల్టేజీ చాలకపోతే అది టకటకలాడుతూ పడుతూ లేస్తూ ఉంటుంది. ఆ నిప్పురవ్వలకి లోపలి కాంటాక్టులు అతుక్కుపోతే, చేతిలో బటన్ వదిలేసినా వించ్ ఆగదు. బండి తాడుకి కట్టి ఉన్నప్పుడు అది చిన్న విషయం కాదు.

కాగితం తీసుకుని లెక్క వేశాను. అరవై అడుగుల రాగి వైరు, 150 ఆంప్స్ కరెంటు అనుకుందాం. 10 గేజ్ అయితే 9 ఓల్టులు వైరులోనే పోతాయి, వించ్‌కి మిగిలేది 3. బ్యాటరీ కేబుల్‌గా ఎక్కువగా అమ్మే 2 గేజ్ అయితే సుమారు 1.4 ఓల్టులు పోతాయి, ఫర్వాలేదు. అదే 2 గేజ్‌లో 400 ఆంప్స్ వెళ్తే 3.7 ఓల్టులు పోతాయి. అప్పుడు ఇంకా లావైన 2/0 సైజు కేబుల్ కావాలి, అందులోనూ దాదాపు 1.9 పోతాయి. అంత లావు రాగి కేబుల్ అరవై అడుగులంటే ధర ఎక్కువ, బరువూ ఎక్కువ. ఆన్‌లైన్‌లో చవగ్గా కనిపించేవి చాలావరకు అల్యూమినియం మీద రాగి పూతవి. అదే సైజులో వాటి రెసిస్టెన్స్ ఎక్కువ కాబట్టి ఈ లెక్కలు వాటికి కుదరవు. పైగా నా ట్రక్కు సర్వీసుకి వెళ్తే నేను స్నేహితుడి ట్రక్కు తీసుకెళ్తుంటాను. ఆ ట్రక్కుకి కేబుల్ ఉండదు.

అక్కడ ఆగి ప్రశ్నని మార్చుకున్నాను. వించ్‌కి ఎంత కరెంటు కావాలో అందరూ చూస్తారు. అది ఎంతసేపు కావాలి? 3500 పౌండ్ల కారు, అంటే సుమారు 1600 కిలోలు, 15 డిగ్రీల వాలు ఎక్కాలంటే కావలసిన లాగు దాని బరువులో పావు వంతుకి కాస్త ఎక్కువ, 900 పౌండ్లు. టైర్లలో గాలి లేకపోయినా, ఒక చక్రం పట్టేసినా ఇంకొంత కలుపుకోవాలి. నా వించ్ అంత లాగేటప్పుడు 150 ఆంప్స్ దరిదాపుల్లో తీసుకుంటుంది. కారు పూర్తిగా పైకి రావడానికి మూడు నిమిషాలు వేసుకున్నా మొత్తం ఖర్చు 7.5 ఆంపియర్ అవర్లే (ఒక ఆంప్ చొప్పున గంటసేపు వాడితే ఒక ఆంపియర్ అవర్)! వంద ఆంపియర్ అవర్ల బ్యాటరీకి అది లెక్కలోకే రాదు. కరెంటు భారీగా కావాలి, కానీ కాసేపే. అలాంటప్పుడు పెద్ద బ్యాటరీ వించ్ పక్కనే ఉంచి, దాన్ని సన్నటి వైరుతో తాపీగా ఛార్జ్ చేసుకోవచ్చు. ట్రక్కు ప్లగ్గులోని ఆ 10 గేజ్ వైరు ఈ పనికి చక్కగా సరిపోతుంది.

బ్యాటరీ ఎంపికలో కొంచెం తర్జనభర్జన పడ్డాను. లిథియం తేలిగ్గా ఉంటుందని మనసు లాగింది. కానీ వంద ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు చాలావాటిలో లోపలి రక్షణ సర్క్యూట్ వంద ఆంప్స్ దగ్గరే హద్దు పెడుతుంది. వించ్ గట్టిగా లాగుతున్న క్షణంలోనే అది ఆపేస్తుంది. సున్నా డిగ్రీల కన్నా చలిగా ఉంటే వాటిని ఛార్జ్ చేయకూడదు కూడా, ఇక్కడ శీతాకాలం కొన్ని రాత్రులు అలాగే ఉంటాయి. అందుకే గ్రూప్ 31 అనే పెద్ద సైజు ఏజీఎమ్ బ్యాటరీ (యాసిడ్ గాజు పీచులో ఇంకి ఉండే లెడ్ బ్యాటరీ) తీసుకున్నాను. బరువే, కానీ స్టార్టర్ మోటార్లకి ఇచ్చినట్టు ఒక్కసారిగా వందల ఆంప్స్ ఇస్తుంది, కుదుపులకి యాసిడ్ ఒలకదు. ట్రైలర్ మీద అప్పటికే ఒక బుల్లి బ్యాటరీ ఉంటుంది, దాని జోలికి మాత్రం పోవద్దు. దారిలో ట్రైలర్ ఊడిపోతే బ్రేకులు వేసేది అదే.

ఛార్జింగ్ కోసం ప్లగ్గులోని నల్ల వైరుని నేరుగా బ్యాటరీకి కలిపేవాళ్లున్నారు. నేను కలపలేదు, కారణాలు రెండు. వించ్ లాగేటప్పుడు ట్రైలర్ బ్యాటరీ ఓల్టేజీ పడిపోతుంది, ఆ లోటు తీర్చడానికి ట్రక్కు నుంచి కరెంటు ఆ సన్నటి వైరు గుండా పరిగెత్తి ఫ్యూజుని కొట్టేస్తుంది. ఇక కొత్త ట్రక్కుల్లో ఇంధనం ఆదా కోసం ఆల్టర్నేటర్ ఓల్టేజీని తగ్గిస్తుంటారు. అంత దూరం వెళ్లేసరికి ఏజీఎమ్ నిండటానికి కావలసిన 14 ఓల్టుల పైచిలుకు అక్కడ ఉండదు. ఎప్పుడూ సగం నిండిన లెడ్ బ్యాటరీ తొందరగా పాడైపోతుంది. మధ్యలో 10 ఆంప్స్ డీసీ టు డీసీ ఛార్జర్ పెడితే ఈ రెండు బాధలూ పోతాయి. తీసుకునే కరెంటుకి అది హద్దు పెడుతుంది, ఓల్టేజీని పెంచి ఇస్తుంది. ఒకసారి వాడిన ఛార్జ్ గంట ప్రయాణంలో తిరిగొచ్చేస్తుంది. నా ట్రక్కులో ఆ పిన్ను ఇంజిన్ ఆపినా బతికే ఉంటుంది కాబట్టి, ఛార్జర్‌కి ముందు ఒక స్విచ్ కూడా పెట్టాను.

వైరింగ్‌లో పెద్ద విశేషాలు లేవు. బ్యాటరీ నుంచి వించ్‌కి నాలుగేసి అడుగుల 2 గేజ్ రాగి కేబుళ్లు, ప్లస్ వైపు బ్యాటరీకి దగ్గరగా 250 ఆంప్స్ బ్రేకర్, దాని తర్వాత చేత్తో తిప్పే మెయిన్ స్విచ్. రోడ్డు మీద ఉన్నంతసేపూ ఆ స్విచ్ ఆఫ్‌లోనే. మైనస్‌కి ట్రైలర్ ఇనుప ఫ్రేమునే వాడుకోమని సలహాలు వస్తాయి, వినకండి. తుప్పు, పెయింటు ఉన్న చోటల్లా ఓల్టేజీ పోతుంది. దానికీ సొంత కేబుల్ వేయండి. కేబుల్ చివర్ల లగ్గులు (బోల్టుకి బిగించే లోహపు కొసలు) సుత్తితో కొట్టకుండా హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కించాను. ఇక్కడ కక్కుర్తి పడకూడదు, వదులుగా ఉన్న ఒక్క లగ్గు చాలు నిప్పు పుట్టడానికి.

మొదటిసారి నిజమైన పని పడింది ఒక పాత టొయోటా పికప్‌తో. వెనక చక్రం ఒకటి పట్టేసి కదలనంటోంది. ట్రైలర్‌ని ట్రక్కుకి తగిలించే ఉంచాం. విప్పితే బరువు వెనక అంచు మీద పడగానే ముందు భాగం గాల్లోకి లేస్తుంది. లోడు మీద ఉండగా స్నేహితుడు మీటర్ పట్టుకుని చూస్తే బ్యాటరీ దగ్గర 11.8, వించ్ టెర్మినళ్ల దగ్గర 11.6. పోయింది 0.2 ఓల్టులే. ఆ అంకె చూశాక నాకు టెన్షన్ పోయింది. మధ్యలో ఒకసారి ఆపి మోటారుని చల్లారనిచ్చాం. ఈ వించ్‌లు ఏకధాటిగా తిరగడానికి చేసినవి కావు.

బాబాయికి వీడియో పంపిస్తే రెండు మాటలన్నాడు: "బాగుంది. లగ్గులు వేడెక్కాయా?" చల్లగానే ఉన్నాయి. అప్పటి నుంచి ప్రతి లోడు తర్వాత స్విచ్ ఆఫ్ చేసి లగ్గుల దగ్గర చెయ్యి పెట్టి చూస్తున్నాను. ట్రైలర్ వారాల తరబడి ఖాళీగా ఉండే రోజుల కోసం బ్యాటరీ పెట్టె మీద చిన్న సోలార్ పలక, దానికో కంట్రోలర్ పెట్టాను.

ఎప్పుడూ ఒకే ట్రక్కు వాడేవాళ్లు, చిన్న పడవలాంటి తేలికపాటివి లాగేవాళ్లు అయితే బ్యాటరీ బరువు మోయనక్కర్లేదు. చిన్న వించ్‌కి ట్రక్కు నుంచి 2 గేజ్ కేబుల్, కనెక్టర్ చాలు. కొనేముందు మీ వించ్ మాన్యువల్‌లోని ఆంప్స్ పట్టిక, మీ కేబుల్ రానూపోనూ పొడవు, ఈ రెండూ పక్కపక్కన పెట్టి లెక్క వేసుకోండి.