64 మూరల రంగశాల

ఆంధ్ర విశ్వవిద్యాలయ రంగస్థల కళల శాఖలో మేము చదువుకున్న అభినయ పద్ధతులను పాఠ్యప్రణాళిక పేర్ల వారీగా విడదీసి పెట్టింది. ఒక పత్రంలో నాట్యశాస్త్రం రాసిన భరతుడు, ఒక పత్రంలో రష్యా దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ, ఆ వెనుక రష్యాకే చెందిన మేయర్‌హోల్డ్, జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్, పోలండ్ దర్శకుడు గ్రొటోవ్‌స్కీ, బెంగాలీ నాటకకర్త బాదల్ సర్కార్, ఆఖరున జానపద రూపాలు వచ్చేవి. ఇలా వరుసగా చదివే విద్యార్థికి ఇవన్నీ ఒకదానితో ఒకటి పొసగని మతాలుగా కనిపించడం సహజం. మా తరగతిలో కూడా అలాగే పక్షాలు ఏర్పడ్డాయి. స్తానిస్లావ్‌స్కీ పక్షంవారు పద్యనాటకాన్ని చిన్నచూపు చూసేవారు, బ్రెహ్ట్ పక్షంవారు అందరినీ చిన్నచూపు చూసేవారు. హాస్టల్‌లో అర్ధరాత్రి దాకా సాగిన ఆ వాదాలలో ఎవరు గెలిచారో ఇప్పుడు ఎవరికీ గుర్తుండదు. నాకు మాత్రం ఆ చదువు ముగిసి, వేర్వేరు ఊళ్ళలో వేర్వేరు వేదికలు ఎక్కిన తరువాత ఒక సంగతి స్పష్టపడింది. ప్రతి పద్ధతీ ఒకానొక స్థలంలో, ఒకానొక వెలుతురులో, నటుడికీ ప్రేక్షకుడికీ మధ్య ఒకానొక దూరంలో పుట్టింది. ఆ దూరాన్ని వదిలిపెట్టి పద్ధతిని మాత్రమే నేర్చుకుంటే చేతికి వచ్చేది సగం విద్యే.

ఈ మాట మనకు మొదట చెప్పినవాడు భరతుడే. నాట్యశాస్త్రం రెండవ అధ్యాయంలో వికృష్టం (దీర్ఘచతురస్రం), చతురశ్రం (చదరం), త్ర్యశ్రం (త్రికోణం) అని మూడు ఆకారాల నాట్యమండపాలను వర్ణించి, మనుషుల ప్రదర్శనలకు 64 హస్తాల పొడవు, 32 హస్తాల వెడల్పు గల మండపం సరిపోతుందని నిర్ణయించాడు. అంతకంటె పెద్దది కడితే పలికిన మాట స్పష్టత పోగొట్టుకుంటుందని, ముఖంలోని భావం ప్రేక్షకుడికి ఆనదని కారణం కూడా చెప్పాడు. పరీక్ష కోసం మేము ఈ కొలతలను బట్టీ పట్టాము. అయితే మా మాస్టారు ఒక సాయంత్రం మమ్మల్ని ఆవరణలోకి తీసుకువెళ్ళి, హస్తమంటే మన మూరేనని చెప్పి, తాడుతో ఆ మండపాన్ని నేల మీద కొలిపించారు. మూరకు అడుగున్నర లెక్కన పొడవు 96 అడుగులు, వెడల్పు 48 అడుగులు వచ్చింది. అందులో వెనుక సగం నటులు వేషం కట్టుకునే నేపథ్యానికీ, ఆట జరిగే రంగానికీ పోతుంది కనుక, ఆఖరి వరుసలో కూర్చున్నవాడు రంగం అంచు నుంచి 48 అడుగులకు మించి దూరాన ఉండడు. ఆ అంచున ఒకరిని నిలబెట్టి, ఈ అంచున మేమందరం నిలబడి చూశాము. కనుపాప అటు నుంచి ఇటు తిరగడం తెలుస్తోంది, కనుబొమ లేవడం తెలుస్తోంది, మామూలు గొంతుతో పలికిన మాట వినబడుతోంది. గుసగుస మాత్రం అందడం లేదు. భరతుడు చెప్పిన 36 దృష్టి భేదాలను అంతవరకు నేను పండితుల పట్టికగానే భావించాను. ఆ దూరాన నిలబడి చూసినప్పుడు ఆ పట్టిక ఒక నటుడు రాసుకున్న పనిముట్ల జాబితాలాగా కనిపించింది. కంటికి అంత పని పెట్టినవాడు, ఆ కన్ను కనబడే దూరాన్ని ముందుగానే కట్టించుకున్నాడన్నమాట.

స్తానిస్లావ్‌స్కీ పాఠం జరిగిన చోటు దీనికి పూర్తిగా భిన్నమైనది. కిటికీలు మూసిన చిన్న గదిలో ఒక్క దీపం కింద ఇద్దరు నటిస్తుంటే, తక్కినవారు గోడవారన చీకటిలో కూర్చునేవారు. 'కన్యాశుల్కం' మొదటి అంకంలో మధురవాణి ఇంట రామప్పంతులూ గిరీశమూ మంచం కింద దూరడం, పూటకూళ్ళమ్మ చీపురుకట్టతో రావడం జరిగే దృశ్యాన్ని అభ్యాసానికి తీసుకున్నాము. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమై, 1909లో విస్తరించిన రూపం పొంది, కథ ఆఖరికి మన విశాఖపట్నానికే చేరే నాటకం కాబట్టి, ఈ శాఖలో ఏ పద్ధతి నేర్చినా దాన్ని ముందుగా కన్యాశుల్కం మీద ప్రయోగించి చూడడం ఒక ఆచారంగా ఉండేది. మధురవాణి వేషం నాది. ఈ మనిషికి ఈ క్షణాన ఏం కావాలి, గిరీశం చేతిలో డబ్బు ఆడడం లేదని ఎప్పుడు గ్రహించింది, రామప్పంతులు మాటను ఎంతవరకు నమ్ముతోంది అని మాస్టారు ప్రశ్న మీద ప్రశ్న వేసేవారు. జవాబులు నోటితో చెప్పనిచ్చేవారు కాదు. తమలపాకుల ఈనెలు తీసి చిలకలు చుట్టే పని నాకు అప్పగించి, జవాబులన్నీ ఆ పనిలోనే కనిపించాలనేవారు. గిరీశం గొప్పలు చెబుతున్నప్పుడు చెయ్యి ఆగదు. రామప్పంతులు ఊరి ప్రస్తావన వచ్చినప్పుడు ఒక్క ఈనె సగంలో ఆగుతుంది. స్తానిస్లావ్‌స్కీ తన చివరి సంవత్సరాలలో అనుభూతిని నేరుగా తవ్వుకోవడం కంటె భౌతిక చర్యల మీదే ఎక్కువ భారం వేశాడని అప్పటికి పుస్తకంలో చదివి ఉన్నాము. దాని సత్తా ఏమిటో తమలపాకుల వల్ల అర్థమైంది.

అదే దృశ్యాన్ని విశ్వవిద్యాలయం ఓపెన్ ఎయిర్ థియేటర్‌కు తీసుకువెళ్ళినప్పుడు నా చిలకలు రెండు మూడు వరుసలు దాటి ఎవరికీ కనబడలేదు. మెట్ల మీద ఎత్తుగా కూర్చున్న ప్రేక్షకుడి కంటికి ఒక స్త్రీ తల వంచుకుని ఏదో చేసుకుంటోందని మాత్రమే తెలిసింది. సముద్రపు గాలి వాక్యాల చివరి మాటలను ఎత్తుకుపోయింది. రిజిస్ట్రారుగా పనిచేసిన కె.వి. గోపాలస్వామి గారి కాలం నుంచి కళాశాలల నాటక పోటీలతో ఈ విశ్వవిద్యాలయం నాటకానికి ఒక నెలవుగా పేరు తెచ్చుకుంది. ఇక్కడి ఆరుబయలు వేదిక మీద ఆడిన పాత తరంవారు గొంతును ఎందుకంత పెంచేవారో, చేతులను భుజాల ఎత్తుకు ఎందుకు లేపేవారో ఆ సాయంత్రం తెలిసివచ్చింది. స్తానిస్లావ్‌స్కీ స్థాపకుల్లో ఒకడైన మాస్కో ఆర్ట్ థియేటర్ 1898లో మొదలయ్యేనాటికి ఐరోపాలో ప్రేక్షకులను చీకటిలో కూర్చోబెట్టే అలవాటు స్థిరపడుతూ ఉంది. చీకటిలో కూర్చున్నవాడు మాట్లాడడు, పక్కవాడిని చూడడు, వెలుతురులో కదిలే చిన్న వేలినైనా చూస్తాడు. ఆ నిశ్శబ్దమూ ఆ చీకటీ స్తానిస్లావ్‌స్కీ పద్ధతిలో కనబడని సగం భాగం. అవి లేనిచోట ఆ పద్ధతి పనికిరాదని నేను అనను. మధురవాణికి ఏం కావాలో తెలిసి ఉండడం ఆరుబయట కూడా అవసరమే. ఆ తెలిసినదాన్ని బయట పెట్టే పనిముట్టు మాత్రం మారాలి. చివరికి నేను తమలపాకులు వదిలి పళ్ళెం ఎత్తుకుని మంచం చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. ఆగవలసినచోట ఒళ్ళంతా ఆగేది.

ఇక్కడ పద్యనాటకం గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మా తరగతి దానికి చాలా అన్యాయం చేసింది. పద్యం చివర రాగం సాగదీయడాన్ని మేము వెక్కిరించేవాళ్ళము. ఆ సాగతీతను మాకంటె ముందు బళ్ళారి రాఘవ వంటి మహానటుడే ప్రశ్నించాడు. పాటకంటె మాటకూ భావానికీ పెద్దపీట వేసి, స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని పట్టుబట్టాడు. ఆయన వాదం సమంజసమైనదే. అయినా 1885లో 'కీచక వధ'తో మొదలైన సురభివారి వంటి సమాజాలు మైకు లేని కాలంలో ఊరూరా డేరా వేసి ఆడినప్పుడు, పిల్లలు ఏడుస్తూ, పెద్దలు చుట్టలు కాలుస్తూ ఉండే ఆ గుంపులో కథను ఆఖరి మనిషి దాకా మోసుకుపోయిన వాహనం ఆ రాగమే. పద్యం మాట ఒకసారి తప్పిపోయినా రాగం పట్టుకుని ప్రేక్షకుడు రసాన్ని అందుకోగలడు. 'వన్స్ మోర్' అన్న కేక వెనుక పాట మోజు ఎంత ఉందో, వినబడని మాటను మళ్ళీ వినాలన్న కోరిక కూడా అంతే ఉండి ఉంటుందని నా అనుమానం.

నటుడి శరీర కదలికలకు మేయర్‌హోల్డ్ రూపొందించిన బయోమెకానిక్స్ అనే శిక్షణ పాఠం రామకృష్ణా బీచ్ ఇసుకలో ఉదయం పూట జరిగేది. విల్లు ఎక్కుపెట్టడం, రాయి విసరడం, చెంపదెబ్బ కొట్టడం వంటి అభ్యాసాలు ఉండేవి. వాటన్నిటిలోనూ నియమం ఒక్కటే, ముందుకు సాగే ప్రతి కదలికకూ ముందు ఒక చిన్న వెనుకడుగు ఉండాలి. ఇసుకలో ఆ వెనుకడుగు వెయ్యకపోతే శరీరం ముందుకు రాదు, కాలు దిగబడిపోతుంది. చీపురుకట్ట దృశ్యానికి ఇంతకంటె సరిపోయే పద్ధతి మరొకటి కనబడలేదు. పూటకూళ్ళమ్మ పాత్రధారిణి దెబ్బకు ముందు చీపురును వెనక్కి లాగి ఒక్క క్షణం ఆపగానే, ఆ దెబ్బ ఎక్కడ పడబోతోందో మెట్ల చివరి వరుసకు కూడా తెలిసిపోయి నవ్వు ముందుగానే లేచేది. ఇంత ఆనందాన్ని ఇచ్చే విద్యను కనిపెట్టిన మనిషిని 1940లో అతని సొంత ప్రభుత్వమే కాల్చి చంపిందని మాస్టారు చెప్పిన రోజు మాత్రం ఎవరమూ సరిగా సాధన చెయ్యలేకపోయాము.

బ్రెహ్ట్ విషయంలో నాకు కొంత వివాదముంది. రోడ్డు ప్రమాదాన్ని చూసిన మనిషి చుట్టూ చేరినవారికి జరిగింది జరిగినట్టు చేసి చూపించడంలోనే తన రంగస్థలానికి నమూనా ఉందని ఆయన రాశాడు. ఆ వ్యాసం చదివిన వారంలో మమ్మల్ని జగదాంబ జంక్షన్‌కు పంపి, మనుషులు జరిగిన సంగతులు ఎలా చెబుతారో విని రమ్మన్నారు. "ఆటోవోడు ఇలాగ వొచ్చీసేడండీ, ఆ తాత ఆగిపోనాడు, ఈడు ఆగలేదు" అని చెబుతూ ఒక బడ్డీకొట్టు మనిషి ఒక్క శరీరంతోనే ఆటో డ్రైవరూ ముసలాయనా కూడా అయి, మధ్యలో తన అభిప్రాయం కూడా కలిపేశాడు. అతను ఎవరిలోనూ లీనం కాలేదు. అయినా ముసలాయన ఆగిన తీరు మా కళ్ళకు కట్టింది. ఇంతవరకు బ్రెహ్ట్‌తో పేచీ లేదు. ప్రేక్షకుణ్ణి భ్రమ నుంచి బయటికి లాగాలన్న ఆయన ఆదుర్దా మాత్రం, భ్రమలో మునగడానికే టిక్కెట్టు కొనుక్కునే నగర ప్రేక్షకుణ్ణి ఎదుట పెట్టుకుని పుట్టింది. మన విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో తూర్పు భాగవతం చూసే మనిషికి ఆ భ్రమ మొదటి నుంచీ లేదు. సత్యభామ తన పేరు తానే చెప్పుకుంటూ ప్రవేశ దరువు అనే పాటకు అడుగు వేస్తుంది, వేషం కట్టినవాడు మగవాడని అందరికీ తెలుసు, కథ తెలుసు, మద్దెల వాయించేవాడు పక్కనే నిలబడి ఆటను నడిపిస్తూ కనిపిస్తాడు. భామ మద్దెలకు జవాబు చెబుతుందో కృష్ణుడికి జవాబు చెబుతుందో విడదీయలేము. బుర్రకథలో కథకుడి పక్కన వంతలలో ఒకడు హాస్యమూ మరొకడు రాజకీయమూ పలకడం, కథ కరుణరసంలోకి దిగిన వెంటనే ఒక చురక వేసి దాన్ని నేటి సంగతికి ముడిపెట్టడం ప్రజానాట్యమండలి నాజర్ కాలం నాటికే సాధారణం. 1935లో మాస్కోలో మెయ్ లాన్‌ఫాంగ్ అనే చీనా నటుణ్ణి చూసిన తరువాతే బ్రెహ్ట్ ప్రేక్షకుణ్ణి కథలో లీనం కానివ్వకుండా దూరంగా నిలిపే తన పరాయీకరణ సిద్ధాంతాన్ని చీనా నటన ఆధారంగా వివరించాడు. ఒక మద్దెల వాయిద్యగాడికి ఆయనను పరిచయం చెయ్యగలిగితే బాగుండేదనిపిస్తుంది. మన తెలుగు ప్రదర్శనలలో బ్రెహ్ట్ పేరుతో పెట్టే, అట్టల మీద రాసిన నినాదాలూ ఆర్పని దీపాలూ చాలాసార్లు అలంకారంగా మిగిలిపోవడానికి కారణం, విడగొట్టవలసిన భ్రమ ఎదుటివారిలో ఉందో లేదో చూసుకోకపోవడమే.

గ్రొటోవ్‌స్కీ గురించి నేను ఎక్కువ చెప్పలేను; కొద్దిమంది ప్రేక్షకుల కోసం నటుడు తనను తాను ఒలుచుకునే ఆ సాధన మాకు రుచి చూసినంతలోనే ముగిసింది. బాదల్ సర్కార్ మూడవ రంగస్థలం మాత్రం ఒంటికి పట్టింది. వేదిక, తెర, టిక్కెట్టు లేకుండా ప్రేక్షకుల మధ్యనే ఆడవలసి వచ్చినప్పుడు నాలుగు వైపులా వీపు కనబడుతుంది. ముఖాభినయం మీద బతికే నటులకు అది పెద్ద కష్టం. మా జట్టు పూర్ణా మార్కెట్ దగ్గర వీధి నాటకం ఆడినప్పుడు మేము నేర్చుకున్నది ముఖ్యంగా వీపుతో నటించడమే. ఉత్తరాంధ్ర జానపద కళాకారులైన తప్పెటగుళ్ళవారు వలయంగా తిరుగుతూ ఆడే ఆట చూసి ఉన్నవారికి ఆ కష్టం తొందరగా తీరింది. మేము నలుగురమూ ఒకరి వెనుక ఒకరం తిరుగుతూ మాటను ఒకరి నుంచి ఒకరం అందుకునే పద్ధతిని అక్కడి నుంచే తెచ్చుకున్నాము.

ఇప్పుడు శాఖలో పాఠాలు చెబుతున్న పెద్దలకు నా విన్నపం ఒకటుంది. మేము చదివిన పద్ధతులలో ఏదీ మైకును ఎదుట పెట్టుకుని పుట్టలేదు. విశాఖలోని కళాభారతిలో గానీ, సిరిపురం గురజాడ కళాక్షేత్రంలో గానీ, నాటక పరిషత్తు పోటీలు జరిగే ఏ ఊళ్ళో గానీ నేడు మైకు లేని నాటకం లేదు. పై నుంచి వేలాడే మైకుల కింద నటులు గుంపుగా చేరి, కోపమైనా ప్రేమైనా అక్కడే తేల్చుకుని పోవడం మనం రోజూ చూస్తున్నదే. దర్శకుడు గీసిన కదలికలను మైకు తుడిచేస్తోంది. కాలరు మైకు పెట్టుకున్నవాడికి ఈ బాధ లేదు, గుసగుస కూడా ఆఖరి వరుసకు పోతుంది. ముఖం మాత్రం 48 అడుగులు దాటితే మునుపటిలాగే ఆనదు. గొంతు చెవి పక్కన, ముఖం ఎక్కడో దూరాన ఉండే ఈ కొత్త దూరానికి ఎలా నటించాలో ఏ పత్రంలోనూ లేదు. మా బృందంలో కొందరు చాలాకాలంగా సినిమాలకూ ధారావాహికలకూ డబ్బింగు చెబుతున్నారు, ఒకరిద్దరు ధ్వని విభాగంలోనే స్థిరపడ్డారు. శాఖ ఒక వారం కేటాయించి ఓపెన్ ఎయిర్ థియేటర్‌నూ ఒక మూసిన హాలునూ మాకు అప్పగిస్తే, ఒకే దృశ్యాన్ని మైకు లేకుండా, వేలాడే మైకుతో, కాలరు మైకుతో ఆడించి చూపడానికి మేము సిద్ధంగా ఉన్నాము. దృశ్యం ఏదని అడిగితే, చీపురుకట్ట మేమే తెచ్చుకుంటాము.